కెమెరా పెట్టె మీద ఏం రాయాలి?

ముందుగా ఒక చిన్న చిక్కు ప్రశ్న.

జనగామ జిల్లాలో జఫర్‌గఢ్ అనే ఊరుంది. పేరులోనే గఢ్ ఉంది, అంటే కోట. ఆ కోట బురుజు ఎదుట ఇద్దరు విద్యార్థులు నిలబడ్డారనుకుందాం. ఇద్దరి చేతుల్లోనూ డిజిటల్ కెమెరాలున్నాయి. రెండింటికీ బిగించిన కటకం, అంటే లెన్సు, ఒకే రకానిది. దాని అంచు మీద 50 మి.మీ. అని రాసి ఉంది. ఇద్దరూ బురుజుకు 50 మీటర్ల దూరంలో, పక్కపక్కనే నిలబడి మీట నొక్కారు.

తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం! ఒక బొమ్మలో బురుజు నడుమన ఉంది, దానికి అటూ ఇటూ గోడ కూడా పడింది. రెండో బొమ్మలో బురుజు చట్రమంతా నిండిపోయింది. గోడ జాడే లేదు.

కటకం ఒకటే, దూరం ఒకటే, బురుజు ఒకటే. మరి బొమ్మలు ఎందుకు వేరయ్యాయి?

కెమెరాల దుకాణంలో అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. "ఆ కెమెరాలో 50 లెన్సు 75 అయిపోతుంది బాబూ!" అంటారు. ఈ మాట చాలామంది నోట వినపడుతూనే ఉంటుంది. కాని ఒక్క క్షణం ఆలోచించండి. కటకం గాజుతో చేసింది. ఒక కెమెరా నుంచి ఊడదీసి ఇంకొక కెమెరాకు బిగించినంత మాత్రాన గాజు వంపు మారుతుందా? దాని నాభ్యంతరం 50 మిల్లీమీటర్ల నుంచి 75కు పెరుగుతుందా? పెరగదు గాక పెరగదు!

ఈ మాటలో ఏదో కొంత ఉపయోగం ఉన్నమాట నిజమే. అయినా ఇది విజ్ఞానశాస్త్రం చెప్పే మాట కాదు, దుకాణం చెప్పే మాట. ఇలాంటి మాటలను నమ్మి పనికిరాని కటకాలు కొని డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. అందుకే ఈ నెల మీతో ఒక సంగతి వాదించదలచుకున్నాను. కెమెరాలు, ఫోన్లు అమ్మేవాళ్లు పెట్టె మీద ఇప్పుడు రాస్తున్న అంకెలు సరైనవి కావు. వాటికి బదులు ఎనిమిదో తరగతి చదివే విద్యార్థి కూడా టేపు పట్టుకుని సరిచూడగలిగిన అంకె ఒకటి రాయాలి. ఆ అంకె ఏదో చెప్పే ముందు అసలు కిటుకు తెలుసుకుందాం.

అట్టపెట్టెలో అసలు రహస్యం

ఒక భూతద్దం తీసుకోండి. పగటిపూట గదిలో, కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు ఒక తెల్ల కాగితం అంటించండి. భూతద్దాన్ని కాగితానికి దగ్గరగా పట్టుకుని, మెల్లగా వెనక్కు జరపండి. ఒకచోట కిటికీ బయటి చెట్టు కాగితం మీద తలకిందులుగా, చక్కగా రంగులతో సహా కనపడుతుంది. అప్పుడు భూతద్దానికీ కాగితానికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. అదే ఆ కటకం నాభ్యంతరం. చాలా దూరంలో ఉన్న వస్తువులకు ఈ కొలత ఇంచుమించు సరిగ్గానే వస్తుంది. ఒక్క హెచ్చరిక: భూతద్దాన్ని సూర్యుడి వైపు మాత్రం పట్టవద్దు. కాగితం అంటుకుంటుంది. భూతద్దంలోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి.

ఇప్పుడు అసలు పని. మూడు అట్టముక్కలు తీసుకుని వాటిలో పెద్దది, మధ్యరకం, చిన్నది, ఇలా మూడు కిటికీలు కత్తిరించండి. ఒక్కొక్కదాన్నే తెల్ల కాగితం మీద, చెట్టు బొమ్మ పడుతున్న చోట ఆనించండి. పెద్ద కిటికీలో చెట్టంతా కనపడుతుంది. మధ్యరకంలో కొమ్మలు తెగిపోతాయి. చిన్నదాంట్లో నాలుగు ఆకులే మిగులుతాయి. కాని భూతద్దం వేసిన బొమ్మ మారిందా? లేదు! అది ఎంత ఉండాలో అంతే ఉంది. మారిందల్లా మీరు కత్తిరించి తీసుకున్న భాగం.

డిజిటల్ కెమెరాలో జరిగేది ఇంతే. కటకం వెనక కాగితానికి బదులు వెలుతురును పట్టుకునే సిలికాన్ బిళ్ల ఉంటుంది. దాన్ని సెన్సరు అంటారు. ఆ బిళ్ల పెద్దదైతే బొమ్మలో ఎక్కువ భాగం దానిమీద పడుతుంది. చిన్నదైతే తక్కువ భాగం పడుతుంది, మిగతాది బిళ్ల అంచు దాటి వృథా అవుతుంది.

జఫర్‌గఢ్ బురుజు లెక్క చేద్దాం. లెక్కల పుస్తకంలోని సరూప త్రిభుజాలు ఇక్కడ అక్కరకొస్తాయి. వస్తువు వెడల్పును దూరంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, ప్రతిబింబం వెడల్పును నాభ్యంతరంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి సమానం. బురుజు వెడల్పు 20 మీటర్లు, దూరం 50 మీటర్లు అనుకుందాం. అప్పుడు 50 మి.మీ. కటకం వేసే బురుజు బొమ్మ సరిగ్గా 20 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఇది రెండు కెమెరాల్లోనూ 20 మి.మీ.లే. మొదటి కెమెరా సెన్సరు వెడల్పు 36 మి.మీ. కాబట్టి 20 పోను ఇంకా 16 మి.మీ. చోటుంది. గోడ అందులో పడింది. రెండో కెమెరా సెన్సరు వెడల్పు 23.5 మి.మీ. కాబట్టి మిగిలింది మూడున్నర మిల్లీమీటర్లే. గోడకు చోటెక్కడిది?

చూశారా! కటకాన్ని 75 చేయకుండానే చిక్కు విడిపోయింది.

36 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

సినిమాలు తీసే ఫిలిం వెడల్పు 35 మి.మీ. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే యంత్రనిపుణుడు ఆ ఫిలిమును మామూలు ఫోటోలు తీసే చిన్న కెమెరాలో వాడవచ్చని తలపోశాడు. సినిమా ఫిలిం మీద ఒక్కొక్క బొమ్మ 24 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. ఎత్తు ఉండేది. బార్నాక్ రెండు బొమ్మల చోటును కలిపి ఒకే బొమ్మ చేశాడు. అలా 36 × 24 మి.మీ. చట్రం పుట్టింది. ఆ కెమెరా లైకా అనే పేరుతో 1925లో అమ్మకానికి వచ్చింది.

తరవాత కొన్ని దశాబ్దాలపాటు మామూలు జనం వాడే మంచి కెమెరాలు చాలావరకు ఈ కొలతనే పట్టుకున్నాయి. చట్రం అందరిదీ ఒకటే అయినప్పుడు కటకం మీది మిల్లీమీటర్లు చెబితే చాలు, ఎంత వెడల్పు కనపడుతుందో వెంటనే తెలిసిపోయేది. 28 అంటే విశాలం, 50 అంటే మామూలు, 200 అంటే దూరానిది. ఫోటోగ్రాఫర్లకు ఇవి ఎక్కాల్లా కంఠతా వచ్చేవి.

ఇంతలో ఫిలిం పోయింది, సెన్సరు వచ్చింది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రవేత్తలు సి.సి.డి. అనే సిలికాన్ పరికరాన్ని రూపొందించారు. అందుకు 2009లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కోడక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు దానితో ఒక డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అందులో బొమ్మ అడ్డంగా 100, నిలువుగా 100 చుక్కలు, మొత్తం 10,000 చుక్కలు మాత్రమే!

ఫిలిం వేరు, సిలికాన్ వేరు. ఫిలిం కాస్త పెద్దదైతే కాస్త ఎక్కువ ఖర్చు, అంతే. సిలికాన్ సంగతి అలా కాదు. పెద్ద గుండ్రని పలక మీద ఒకేసారి అనేక బిళ్లలు తయారుచేసి తరవాత విడదీస్తారు. బిళ్ల పెద్దదైతే ఒక్కో పలకకు తక్కువ బిళ్లలు వస్తాయి. పైగా ఎక్కడో ఒకచోట లోపం పడి బిళ్ల మొత్తం పారేయవలసి వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. అందువల్ల పెద్ద సెన్సరు చాలా ఖరీదు. కంపెనీలు ఎవరి వీలును బట్టి వారు చిన్న సెన్సర్లు పెట్టసాగాయి. ఫిలిం రోజుల్లో ఒకటిగా ఉన్న చట్రం అనేకం అయింది. మిల్లీమీటర్లు మాత్రం పాతవే మిగిలాయి.

ఒకే 50 మి.మీ. కటకంతో 10 మీటర్ల దూరాన ఎంత వెడల్పు చట్రంలో పడుతుందో ఈ పట్టిక చూడండి.

పూర్తి చట్రం సెన్సరు, 36 × 24 మి.మీ.: 7.2 మీటర్లు.
ఏ.పి.ఎస్.-సి సెన్సరు, 23.5 × 15.6 మి.మీ.: 4.7 మీటర్లు.
మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సరు, 17.3 × 13 మి.మీ.: సుమారు 3.5 మీటర్లు.
'ఒక అంగుళం' సెన్సరు, 13.2 × 8.8 మి.మీ.: సుమారు 2.6 మీటర్లు.

చిన్న సెన్సరుకు చిన్న నాభ్యంతరం, పెద్ద సెన్సరుకు పెద్ద నాభ్యంతరం. కటకం ఎంచుకోవడంలో సూత్రమంతా ఇదే.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో లాలా దీన్‌దయాళ్ అనే గొప్ప ఛాయాగ్రాహకుడు ఉండేవాడు. 1844లో పుట్టి 1905లో కన్నుమూసిన ఆయనకు సికింద్రాబాదులో స్టూడియో ఉండేది. ఆయన తరంవారు గాజు పలకల మీద ఫోటోలు తీసేవారు. 10 × 12 అంగుళాల పలకలు కూడా వాడుకలో ఉండేవి. అంత పలకకు కర్ణం కొలిస్తే దగ్గరదగ్గర 400 మి.మీ. వస్తుంది. చట్రం కర్ణానికి ఇంచుమించు సమానమైన నాభ్యంతరం ఉంటే బొమ్మ మామూలు చూపులా ఉంటుందని ఫోటోగ్రాఫర్ల లెక్క. అంటే ఆ పలకకు 400 మి.మీ. కటకం మామూలు కటకం! అదే 400 మి.మీ. కటకాన్ని నేటి కెమెరాకు బిగిస్తే చెట్టు చిటారు కొమ్మన ఉన్న పిట్టను పట్టుకుంటుంది. ఒకే అంకె, రెండు అర్థాలు. అంకె ఒక్కటే చెబితే సగం సంగతే చెప్పినట్టని దీన్ని బట్టి తెలుస్తున్నది గదా!

నష్టపోయేది ఎవరు?

ఇదంతా మాటల తగాదా, దీనివల్ల ఎవరికేం నష్టం అనవచ్చు మీరు. నష్టం ఉంది.

ఒక పల్లెలో పెళ్లిళ్లకూ పండుగలకూ ఫోటోలు తీసి బతికే యువకుణ్ణి ఊహించుకోండి. సద్దుల బతుకమ్మ నాడు ఆడబిడ్డలంతా వలయంగా తిరుగుతూ ఆడుతున్నారు. వలయం వెడల్పు 12 మీటర్లు. దాని నడిమికి 10 మీటర్ల దూరంలో అతను నిలబడ్డాడు. వెనక గోడ. ఇంకా వెనక్కు పోవడానికి లేదు. పాత ఫిలిం రోజుల పుస్తకం ఏదో చదివి, విశాలమైన దృశ్యాలకు 28 మి.మీ. కటకం మంచిదని అతను అప్పు చేసి కొన్నాడు. 36 మి.మీ. చట్రమైతే పది మీటర్ల దూరాన దాదాపు 13 మీటర్లు పట్టేది, వలయమంతా వచ్చేది. కాని అతని కెమెరా సెన్సరు 23.5 మి.మీ. దానిలో పట్టేది 8.4 మీటర్లే. వలయంలో మూడోవంతు వెడల్పు చట్రం బయటే! అతనికి కావలసింది 19 మి.మీ. కటకం. ఈ లెక్క కొనేముందే పెట్టె మీద కనపడితే అప్పు వృథా అయ్యేది కాదు.

పాలంపేటలోని రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దాన్ని చూడబోయే బడిపిల్లలూ ఇదే లెక్క వేసుకోవచ్చు. 20 మీటర్ల దూరంలో నిలబడి 30 మీటర్ల వెడల్పు పట్టాలంటే పూర్తి చట్రానికి 24 మి.మీ., ఏ.పి.ఎస్.-సి సెన్సరుకు 16 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 12 మి.మీ. కటకం కావాలి. సెన్సరు వెడల్పును దూరంతో హెచ్చవేసి, దృశ్యం వెడల్పుతో భాగిస్తే సరి.

పాలపిట్ట పరీక్ష

ఇంకొక భ్రమ ఉంది. చిన్న సెన్సరు ఉన్న కెమెరా దూరపు వస్తువులను ఉచితంగా దగ్గరకు తెస్తుందని చాలామంది నమ్మకం. నిజమేనా? మన రాష్ట్ర పక్షి పాలపిట్టను అడుగుదాం.

పాలపిట్ట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. అది మీకు 30 మీటర్ల దూరంలో తీగ మీద వాలింది. మీ దగ్గర 300 మి.మీ. కటకం ఉంది. లెక్క వేస్తే పిట్ట బొమ్మ సెన్సరు మీద 3 మి.మీ. ఉంటుంది. సెన్సరు పెద్దదైనా చిన్నదైనా అది 3 మి.మీ.లే. పెద్ద సెన్సరులో అది చట్రం వెడల్పులో పన్నెండోవంతు. 23.5 మి.మీ. సెన్సరులో దాదాపు ఎనిమిదోవంతు. అందుకని చూడటానికి పెద్దగా కనపడుతుంది. కాని ఇది కత్తెర పని. పెద్ద ఫోటో తీసుకుని అంచులు కత్తిరించినా ఇంతే.

మరి లాభమేమీ లేదా? ఉండవచ్చు. కాని అది సెన్సరు చిన్నదవడం వల్ల కాదు, దానిమీది చుక్కలు, అంటే పిక్సెళ్లు, చిన్నవి కావడం వల్ల. 36 మి.మీ. వెడల్పులో 6,000 పిక్సెళ్లు ఉంటే ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో భాగానికి ఆరింతలు. మన పిట్టకు 500 పిక్సెళ్లు దక్కుతాయి. 23.5 మి.మీ. వెడల్పులో అదే 6,000 పిక్సెళ్లు కిక్కిరిసి ఉంటే పిట్టకు సుమారు 766 దక్కుతాయి. ఈకలు ఇంకాస్త వివరంగా కనపడతాయి. అయితే పెద్ద సెన్సరు మీద కూడా అంత చిన్న పిక్సెళ్లే పరిచిన కెమెరాలు నేడు ఉన్నాయి. వాటి ముందు చిన్న సెన్సరుకు ఈ విషయంలో ఏ ఆధిక్యమూ లేదు. పైగా పిక్సెలు చిన్నదైనకొద్దీ దానిలో పడే వెలుతురు తగ్గుతుంది. మబ్బు పట్టిన సాయంత్రం ఆ తేడా తెలిసిపోతుంది.

చిన్న సెన్సరుకు మేలు లేదని నేననడం లేదు. కెమెరా తేలికవుతుంది, ధర తగ్గుతుంది, విద్యార్థి చేతికి అందుతుంది. అవి నిజమైన మేళ్లు. వాటిని చెప్పి అమ్మితే చాలు, కటకం పెరిగిందని కథ చెప్పనక్కరలేదు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

ఇంతకంటే విచిత్రం ఇంకొకటి ఉంది. పై పట్టికలో 'ఒక అంగుళం' సెన్సరు అని చూశారు. దాని కొలతలు 13.2 × 8.8 మి.మీ. అంగుళం అంటే 25.4 మి.మీ. మరి ఆ సెన్సరులో అంగుళం ఎక్కడుంది? పొడవులో లేదు, ఎత్తులో లేదు. కర్ణం కట్టి చూసినా 16 మి.మీ. దాటదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుంది!

ఈ అంగుళం ఎక్కడిదంటే, పాత టెలివిజన్ కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి. గొట్టం బయటి వ్యాసాన్ని అంగుళాల్లో చెప్పేవారు. బొమ్మ పడే చోటు దానికన్నా చాలా చిన్నది. గొట్టాలు పోయి చాలాకాలమైంది, అంగుళాలు మాత్రం పోలేదు. ఫోన్ల ప్రకటనల్లో కనిపించే 1/2.5 అంగుళం వంటి భిన్నాలు కూడా ఈ వంశానివే.

ఇక ఫోన్ సంగతి చూడండి. దాని కెమెరా 26 మి.మీ. అని ప్రకటనల్లో రాస్తారు. ఫోన్ మందం ఎంత? స్కేలు పెట్టి కొలవండి, సుమారు 8 మి.మీ. ఉంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల మందంలో కటకానికీ సెన్సరుకూ మధ్య 26 మిల్లీమీటర్ల దూరం తిన్నగా ఎలా పడుతుంది? పట్టదు! ఆ కటకం అసలు నాభ్యంతరం అయిదారు మిల్లీమీటర్లు మాత్రమే. 36 మి.మీ. చట్రం ఉన్న పాత ఫిలిం కెమెరాకు 26 మి.మీ. కటకం బిగిస్తే ఎంత కనపడేదో ఈ ఫోన్లో ఇంచుమించు అంత కనపడుతుందని దాని భావం. కటకం మీద చెక్కే మిల్లీమీటర్లు అసలువి. ఫోన్ ప్రకటనలోవి పోలిక మిల్లీమీటర్లు. పేరు ఒకటే, సరుకు వేరు.

ఈ పోలిక ఇంకొక చోట మోసం చేస్తుంది. ఫోన్ కటకానికి ఎఫ్ సంఖ్య 1.8 అని గొప్పగా రాస్తారు. నాభ్యంతరాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే వెలుతురు వచ్చే రంధ్రం వ్యాసం వస్తుంది. నాభ్యంతరం 5 మి.మీ. అయితే రంధ్రం 2.8 మి.మీ. అదే నిజంగా 25 మి.మీ. కటకమైతే దాదాపు 14 మి.మీ. వ్యాసంలో అయిదు రెట్లు తేడా. అంటే వైశాల్యంలో, వెలుతురులో ఇరవై అయిదు రెట్లు! రాత్రిపూట ఫోన్ ఒక్క బొమ్మకు బదులు వరసగా అనేక బొమ్మలు తీసి కలపవలసి రావడానికి ఇదొక కారణం.

అంగారకుడి దగ్గర ఏం చేశారు?

ఇన్ని తిప్పలు లేకుండా నిజాయితీగా లెక్క వేసిన కెమెరా ఒకటి మన గడ్డ మీది నుంచే బయలుదేరింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళ్‌యాన్ ఎగిరింది. 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. 2022లో దానితో సంబంధం తెగిపోయేవరకు అది అక్కడ తిరిగింది. దానిలోని రంగుల కెమెరాకు కటకం నాభ్యంతరం 105 మి.మీ. సెన్సరు చతురస్రం. ఒక్కో వైపు 2,048 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెలు మిల్లీమీటరులో వెయ్యో భాగానికి అయిదున్నర రెట్లు. హెచ్చవేయండి, సెన్సరు వెడల్పు సుమారు 11.3 మి.మీ. వస్తుంది.

మంగళ్‌యాన్ కక్ష్య సాగదీసినట్టు ఉండేది. చేరిన కొత్తలో అంగారకుడికి దగ్గరి కొస 420 కి.మీ., దూరపు కొస సుమారు 77,000 కి.మీ. ఇప్పుడు మన నిష్పత్తి వేద్దాం. దగ్గరి కొసలో చట్రంలో పట్టేది సుమారు 45 కి.మీ. నేల. ఒక్కో పిక్సెలుకు సుమారు 22 మీటర్లు. దూరపు కొసలో పట్టేది 8,000 కిలోమీటర్ల పైచిలుకు. అంగారకుడి వ్యాసం సుమారు 6,780 కి.మీ. గ్రహం గ్రహమంతా ఒకే బొమ్మలో పడుతుంది! భూమికి పంపిన నిండు అంగారకుడి బొమ్మలు అలా వచ్చినవే. నాభ్యంతరం ఇంకా పెద్దదైతే గ్రహం అంచులు తెగేవి, చిన్నదైతే నేల మీది వివరం తగ్గేది.

చూడండి, ఇక్కడ 105 మి.మీ. ఏ ఫిలిం కెమెరాకు సమానం అని ఎవరైనా అడుగుతారా? అడగరు. సెన్సరు ఎంత, నాభ్యంతరం ఎంత, దూరం ఎంత, పట్టేది ఎంత అనే అడుగుతారు. అంగారకుడికి సరిపోయిన లెక్క బతుకమ్మకు సరిపోదా?

నా ప్రతిపాదన

ఫోన్ల వంటి, కటకం ఊడని కెమెరాల పెట్టె మీద ఒక్క వాక్యం రాయాలి: "10 మీటర్ల దూరంలో ఇన్ని మీటర్ల వెడల్పు కనపడుతుంది." పోలిక మిల్లీమీటర్లు వద్దు. 26 అని ప్రకటించే ఫోనుకు ఆ అంకె సుమారు 13 మీటర్లు అవుతుంది. కటకాలు మార్చగలిగే కెమెరాల పెట్టె మీద సెన్సరు వెడల్పు, ఎత్తు అసలైన మిల్లీమీటర్లలో రాయాలి, అంగుళాల భిన్నాల్లో కాదు. విడిగా అమ్మే కటకం మీద అసలు నాభ్యంతరం ఎలాగూ రాస్తున్నారు, అది అలాగే ఉండాలి. ఆ కటకం ఎవరి కెమెరాకెక్కుతుందో తయారుచేసినవారికి తెలియదు గదా! రెండు నిజమైన అంకెలు చేతిలో ఉంటే భాగహారం మనం చేసుకోగలం.

దీనికి అభ్యంతరాలు వస్తాయి. "పాత ఫోటోగ్రాఫర్లందరికీ 35 మి.మీ. ఫిలిం లెక్కే అలవాటు, దాన్నెందుకు చెడగొట్టాలి?" అంటారు. అలవాటు ఉన్నవారికి అది సౌకర్యమే, కాదనను. వారు మనసులో ఆ లెక్క వేసుకోవచ్చు. కాని ఈ పత్రిక చదివే మీలో ఎంతమంది ఫిలిం చుట్టను చేత్తో తాకారు? ఎన్నడూ చూడని కెమెరాతో పోల్చి చూడని దృశ్యాన్ని చెప్పడం ఏమి బోధన? ఊరెంత దూరం అని అడిగితే "మా తాతగారి ఎడ్లబండికి పూట ప్రయాణం" అన్నట్టుంది. తాతగారికది చాలు. మనకు కిలోమీటర్లు కావాలి.

"మీటర్లెందుకు, కోణం డిగ్రీల్లో రాస్తే పోదా?" అని మరికొందరు అనవచ్చు. అది శాస్త్రీయమే. కాని డిగ్రీలను బజారులో నిలబడి సరిచూడలేం. మీటర్లను సరిచూడగలం. సరిచూడగలిగిన మాటకే విజ్ఞానశాస్త్రంలో విలువ. నేను మీటర్ల పక్షాన ఉండటానికి కారణం అదే.

కంపెనీలు రేపే మారతాయన్న ఆశ నాకు లేదు. కాని వారు రాయకపోతే మనం రాసుకోలేమా? ఈ ఆదివారం ఒక పని చేయండి. బడి గోడకు ఎదురుగా టేపుతో 10 మీటర్లు కొలిచి గీత గీయండి. ఇంట్లో ఉన్న ఫోనును అడ్డంగా పట్టుకుని ఆ గీత మీద నిలబడండి. చట్రం ఎడమ అంచు, కుడి అంచు గోడ మీద ఎక్కడ పడుతున్నాయో స్నేహితుణ్ణి సుద్దముక్కతో గుర్తు పెట్టమనండి. రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. గోడ చిన్నదైతే 5 మీటర్ల దూరంలో కొలిచి రెట్టింపు చేయండి. ఆ అంకెను చిన్న కాగితం మీద రాసి ఫోను వెనక అంటించండి.

అప్పుడు జఫర్‌గఢ్ బురుజు ముందు నిలబడినా, రామప్ప గుడి ముందు నిలబడినా, ఎంత దూరం నుంచి తీస్తే ఏమేమి చట్రంలో పడతాయో మీట నొక్కకముందే చెప్పగలరు. "50 లెన్సు 75 అయిపోతుంది" అని ఎవరైనా అంటే, అది ఎలా అవుతుందో చూపించమని అడగండి. అడిగేటప్పుడు ఒక భూతద్దం, కిటికీ కత్తిరించిన ఒక అట్టముక్క దగ్గర పెట్టుకోండి.